పావంగుళానికి ఒక దారం తక్కువ

తప్పు నాదేనని ఒప్పుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లోనే ప్రేమలో కూడా పడ్డాను. రెండింట్లో ఏది ముందు జరిగిందని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

బుధవారం. వాన. ఆవరణకు ఇటు చివర నాది కుట్టుమెషిన్ల రిపేరు షాపు, అటు చివర ఆమెది బొంత సామాన్ల షాపు. మధ్యలో ఇరవై అడుగులు. నేను అక్కడ షాపు తెరిచి నెల కూడా కాలేదు కాబట్టి, మెట్లమీద ఒకరికొకరు అడ్డం తగలడం తప్ప మాకు మాటల్లేవు. ఆ రోజు ఆ ఇరవై అడుగులూ ఆమె గొడుగుతోనే వచ్చింది. అయితే గొడుగు ఆమె మీద లేదు, చేతిలో ఉన్న గుడ్డముక్కల దొంతర మీద ఉంది. ముక్కలు పొడిగా ఉన్నాయి. ఆమె జడ నుంచి నీళ్లు కారి నా బల్ల తడిసిపోతోంది.

"శనివారం నా మెషిన్ సర్వీసు చేసింది మీరేనా?"

"నేనే," అన్నాను నవ్వుతూ. మెచ్చుకోవడానికి వచ్చిందనుకున్నాను. నేను వెళ్లినప్పుడు ఆమె షాపులో లేదు. టీచరమ్మ అని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చూసేవాళ్లు లేకపోయినా ఆ మెషిన్‌కి అడిగిన పనులతో పాటు అడగని పనులు కూడా చేసి వచ్చాను.

"టేపు ఎందుకు పీకారు?"

"ఏ టేపు?"

"సూది పక్కన ప్లేటు మీద అంటించిన టేపు. గుడ్డ అంచు దానికి ఆనించే కదా కుట్టేది."

"ఓ, అదా. అంచులు లేచిపోయి జిడ్డు పట్టి ఉంది. తీసేసి కొత్తది అంటించాను. స్టీలు స్కేలు పెట్టి మరీ కొలిచాను, సూది నుంచి సరిగ్గా పావంగుళం. మీది పావంగుళానికి వెంట్రుకవాసి తక్కువ ఉంది తెలుసా?"

"తెలుసు. ఒక దారం తక్కువ."

"అదే. సరిచేశాను."

"ఎవరు చెయ్యమన్నారు?"

చేసిన మేలుకు చెప్పుదెబ్బ అంటే ఇదేనన్నమాట. నేనూ గొంతు పెంచాను. "మెషిన్ పుస్తకంలో పావంగుళం అని ఉంటే పావంగుళమేనండి. దారం తక్కువ, దారం ఎక్కువ అని ఉండదు."

"పుస్తకం రాసినవాళ్లు ఎప్పుడైనా బొంత కుట్టారా?" అంటూ దొంతరలోంచి రెండు చదరాలు తీసి బల్ల మీద పడేసింది. రెండూ ఒకే రకం. చిన్న చిన్న ముక్కలు అతికి, మధ్యలో నక్షత్రం వచ్చేలా కుట్టినవి. "కొలవండి."

కొలిచాను. ఒకటి పన్నెండున్నర అంగుళాలు. రెండోది పన్నెండుంపావు.

"పెద్దది ఒకావిడ ఇంట్లో కుట్టి తెచ్చింది. చిన్నది, ఇంట్లో మెషిన్ లేని ఇంకొకావిడ నా మెషిన్ మీద కుట్టింది, మీరు సరిచేశాక. రెండు ముక్కలు కలిపి కుట్టి, తెరిచి ఇస్త్రీ చేస్తే, మడత దగ్గర గుడ్డ రవ్వంత లోపలికి పోతుంది. దానికోసమే ఒక దారం తగ్గించి కుడతాం. ఇందులో వరుసకి ఎనిమిది కుట్లు. ఎనిమిదిసార్లు పోయింది. ఇలాంటివి పద్నాలుగున్నాయి నా దగ్గర."

"దానికేముంది, పెద్దవాటిని కూడా పన్నెండుంపావుకి కత్తిరించేయండి. అన్నీ ఒకటే అవుతాయి."

ఆమె నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత వేలితో నక్షత్రం కొన చూపించింది. అది అంచుకి సరిగ్గా పావంగుళం లోపల, తర్వాతి కుట్టుకి చోటు వదిలి ఆగి ఉంది. "కత్తిరిస్తే ఈ కొనలు తెగిపోతాయి. వారం రోజులు కూర్చుని కుట్టినావిడకి మొండి నక్షత్రం చూపించి ఏం చెప్పమంటారు, మెషిన్ మెకానిక్ గారికి టేపు నచ్చలేదని చెప్పనా?"

ఓడిపోతున్నానని తెలిసినప్పుడు నేను అనే మాట ఒకటుంది. "కొలత మాత్రం నాదే కరెక్టు."

"కొలత మీ దగ్గరే ఉంచుకోండి. నా షాపు గడప మాత్రం తొక్కకండి." ముక్కలు గొడుగు కింద పెట్టుకుని, తను తడుస్తూ వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ కత్తెర సానబెట్టించుకోవడానికి వచ్చింది. రిటైరై పదేళ్లయినా మనిషిని బెంచీ ఎక్కించే చూపు మాత్రం పోలేదు. "టేపుబాబువి నువ్వేనా?" అంది.

అప్పటికే నాకు పేరు పెట్టేశారన్నమాట.

"ఆ షాపున్న గది వాళ్ల పెదనాన్నది," అంది కూర్చుంటూ. "నీ గది కూడా ఆయనదేగా. నాలుగేళ్లు ఊరుకున్నాడు. ఇప్పుడేమో బజార్లో రెడీమేడ్ దుప్పట్లు దొరుకుతుంటే ముక్కలు అతికించుకునేవాళ్లెవరమ్మా, ఆ గది ఫోను కవర్ల షాపుకిచ్చేస్తాను, నువ్వు ఇంటిపట్టున ఉండు అంటున్నాడు."

"ఆమె ఊరుకుందా?"

"అదా, ఊరుకోవడమా? ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. నా క్లాసులో ఉన్నప్పుడూ అంతే. ఈ ఆదివారం పొద్దున ముప్ఫైమంది కుట్టిన ముప్ఫై చదరాలు కలిపి ఒకే బొంతగా నా షాపు నేల మీద పరుస్తాను పెదనాన్నా, ఒక్కటి తక్కువైనా తాళం నీ చేతిలో పెడతాను అని నలుగురిలో అనేసింది. చదరాలు ముప్ఫై వచ్చాయి. అందులో పద్నాలుగు నీ పుణ్యమా అని కురచ. చిన్నవీ పెద్దవీ కలిపి కుడితే బొంత అప్పడంలా ముడుచుకుపోతుంది." కత్తెర అంచు బొటనవేలితో చూసుకుని లేచింది. "సాన బాగా పట్టావు. నోరు కూడా అంతే పదునంటగా."

ఆవిడ వెళ్లాక అరగంట సేపు ఒకే స్క్రూ బిగిస్తూ, విప్పుతూ కూర్చున్నాను. నేను తప్పు చేయలేదని ఇంకా గట్టిగానే అనుకుంటున్నాను. కానీ తప్పు చేయనివాడి కాళ్లు ఇరవై అడుగులు దాటి ఆ గడప ముందు ఎందుకు ఆగాయో తెలియదు.

తొక్కవద్దన్న గడప కాబట్టి తొక్కలేదు. దాటాను.

లోపల గోడ పొడవునా దారపు రీళ్లు, తెలుపు నుంచి నలుపు దాకా ఒక్కో రంగూ పక్క రంగులోకి జారుతున్నట్టు వరసగా ఉన్నాయి. మూల దూది పొర చుట్టలు, బల్ల మీద కోసిన గుడ్డల బొత్తులు, వేడెక్కిన ఇస్త్రీపెట్టె. ఆమె కింద కూర్చుని, కుట్లు విప్పే చిన్న కొక్కెంతో ఒక్కో కుట్టూ తెంపుతోంది. విప్పిన ముక్కల అంచులు పీచులు లేచి ఉన్నాయి.

"ఏం కావాలి?" అంది తలెత్తకుండానే.

"ఇంకో కొక్కెం ఉంటే ఇవ్వండి."

"అమ్మకానికి ఉంది."

"కొనుక్కోవడానికి కాదు, విప్పడానికి."

అప్పుడు తలెత్తింది. నన్ను పైనుంచి కింది దాకా చూసి, కొక్కెం ఒకటి విసిరింది. ఎదురుగా కింద కూర్చున్నాను. గంటలో మూడు కుట్లు విప్పి ఒక ముక్క చింపాను.

"చేతులా అవి, పట్టకార్లా?"

"ఇనుముతో పనిచేసే చేతులండి. గుడ్డ వీటికి అలవాటు లేదు."

"అలవాటు లేని పనికి ఎందుకొచ్చారు?"

"రావద్దన్నారు కాబట్టి."

పెదవి చివర ఏదో కదిలింది. నవ్వు కాదు. నవ్వు రానివ్వకూడదన్న పట్టుదల. ఆ పట్టుదల చూశాక నాకు గుడ్డ మీద ధ్యాస పోయింది, ఇంకో ముక్క చిరిగింది.

"ఆపండి మహాప్రభో," అంది. "అసలే పీచులు లేస్తున్నాయి. రెండోసారి కుట్టడానికి అంచు మిగలదు. విప్పడం కుదరదు." కొక్కెం కింద పెట్టింది. మొదటిసారి ఆమె గొంతులో పదును తగ్గింది. "నాలుగేళ్లు. ఈ గదిలో బూజు నేనే దులిపాను, ఈ అరలు నేనే బిగించుకున్నాను. తాళం ఆయన చేతిలో పెట్టను. ఎలాగో తెలీదు, పెట్టను మాత్రం."

ఆ మాట అనేటప్పుడు ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. గడ్డం మాత్రం పైకే ఉంది. నాకు గుండెలో ఎక్కడో స్క్రూ వదులైంది. ఎంత వదులైనా బుర్ర మాత్రం పనిచేసింది.

"మా పనిలో ఇరుసు అరిగి వదులైతే ఇరుసు పారేయం," అన్నాను. "సందులో పల్చటి రేకు చుడతాం. ఎంత వదులుంటే అంత మందం రేకు. అప్పుడు కొత్తదీ పాతదీ ఒకే కొలతకి వస్తాయి."

"అయితే?"

"ప్రతి చదరం చుట్టూ గుడ్డపట్టీ కుట్టండి. పెద్దవాటికీ, చిన్నవాటికీ. కుట్టాక అన్నిటినీ పద్నాలుగు అంగుళాలకి కత్తిరించండి. చిన్నవాటికి పట్టీ కాస్త వెడల్పుగా మిగులుతుంది, అంతే. తెగేది పట్టీయే, నక్షత్రం కాదు."

ఆమె ఒక చదరం నేల మీద పరిచి, చుట్టూ నాలుగు పేలికలు పెట్టి చూసింది. మెడ ఒకవైపు వంచి చూసింది. ఇంకోవైపు వంచి చూసింది.

"బుర్ర ఉంది," అంది. "చేతుల దాకా రాలేదు, అంతే."

విప్పిన ఆ ఒక్క చదరాన్నీ, నేను చింపిన ముక్కల చోట కొత్తవి వేసి, పాత గీతల మీదే చేత్తో కుట్టి నిలబెట్టింది. శుక్రవారం, శనివారం నా షాపు తలుపు సగమే తెరిచాను. మెషిన్లు బాగుచేయడం తప్ప ఏనాడూ కుట్టని నన్ను మెషిన్ ముందు కూర్చోబెట్టి కుట్టించింది. నా మొదటి కుట్టు తాగినవాడి నడకలా వచ్చింది. విప్పించింది. రెండోది కూడా విప్పించింది. "గుడ్డని లాగకండి. అది తనంతట తను వెళ్తుంది, మీరు పక్కనుండి చూస్తే చాలు," అంది నా భుజం మీదుగా వంగి. జడ నా చేతి మీద పడింది. ఆ కుట్టు మరీ ఘోరంగా వచ్చింది.

"ఇదేంటి?"

"మీరే లాగొద్దన్నారు. నేనేం లాగలేదు."

ఈసారి నవ్వింది. ఆపుకోకుండా నవ్వింది.

పట్టీ రంగు దగ్గర మళ్లీ యుద్ధం. అన్నిటికీ ఒకే నీలం వేద్దాం, ఏవి చిన్నవో ఎవరికీ తెలియదన్నాను. ఆమె అరలోంచి పండుమిరపకాయ రంగు గుడ్డ తీసింది.

"పెద్దవాటికి నీలం. చిన్నవి పద్నాలుగింటికీ ఎరుపు."

"అందరికీ తెలిసిపోతుందండి."

"తెలియాలి. ఆ పద్నాలుగుమంది చేతుల్లో ఏ లోపమూ లేదు. వాళ్లవి దాచిపెడితే, తప్పు వాళ్లదే అని మనమే ఒప్పుకున్నట్టు. నేను దాచను. చూసేవాళ్లని చూడమనండి."

మెషిన్ల మధ్య పెరిగినవాణ్ణి, మనుషుల గురించి నాకు పెద్దగా తెలియదు. కానీ ఆ క్షణాన ఈ మనిషి నాకు కావాలని తెలిసింది. చెప్పడానికి నోరు తెరిచాను. "ఎరుపు దారం ఎక్కించండి," అంది. ఎక్కించాను.

శనివారం సాయంత్రం వాళ్ల పెదనాన్న నా షాపుకి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. తను అనుకున్నదే మంచి అనుకునే రకం, అంతే. చేతిలో కొత్త స్టీలు టేపు. "రేపు పొద్దున కాస్త రావయ్యా. ఆ గది కొలవాలి, కొత్తవాళ్లు గాజు బీరువాలు చేయించుకుంటారట. టేపు ఒక చివర నువ్వు పట్టుకుంటే చాలు." వెళ్తూ వెళ్తూ ఆగాడు. "అన్నట్టు నీకు ముందు రెండు నెలలకే కదూ అగ్రిమెంటు రాసింది, వచ్చే నెలతో అయిపోతుంది. చూద్దాంలే."

ఆ 'చూద్దాంలే' రాత్రంతా నా చెవిలోనే ఉంది.

ఆదివారం తొమ్మిదింటికల్లా ఆ చిన్న గదిలో ఇరవైమందికి పైగా ఆడవాళ్లు. బల్ల తీసి బయట పెట్టేశాం. అడుగున గుడ్డ, దాని మీద దూది పొర, ఆ పైన ముప్ఫై చదరాలు. పదహారు నీలం, పద్నాలుగు ఎరుపు. అందరూ చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని, మూడు పొరలూ కలిసి నిలిచేలా పొడవాటి టాకాలు వేస్తున్నారు. టాకాలు పూర్తయ్యేదాకా ఎవరూ కదలకూడదు. కదిలితే పొరలు జరిగి ముడత పడుతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. నాకూ ఒక మూల, ఒక సూది దొరికాయి.

పెదనాన్న వచ్చి గడపలో నిలబడ్డాడు. లోపల అడుగు పెట్టడానికి చోటు లేదు.

"అమ్మాయ్, అందరినీ కాసేపు లేవమను. గది కొలుచుకుని పోతాను."

"లేవరు పెదనాన్నా. లేస్తే పొర జరుగుతుంది."

"రెండు నిమిషాలే."

"కొలతలు కావాలంటే మేం కూర్చున్నట్టే తీసుకోండి," అంది టీచరమ్మ సూది గుచ్చుతూ. "మా మోకాళ్లు ఒకసారి వంగితే మళ్లీ లేవడం మా చేతుల్లో లేదు."

ఆయన నావైపు చూశాడు. నేను గోడ మూలనే ఉన్నాను. టేపు కొక్కెం నావైపు చాపాడు. "ఏమయ్యా, ఆ చివర పట్టుకో."

"పట్టుకోనండి."

"ఏంటి?"

"పట్టుకోను. నా గది కావాలంటే రేపే ఖాళీ చేస్తాను. ఈ గది కొలవడానికి మాత్రం చెయ్యి వెయ్యను."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకయ్యా?"

"కందకి ఉంది పెదనాన్నా," అంది ఆమె, తల వంచుకుని టాకా వేస్తూనే. "నువ్వే చూడలేదు."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. పెదనాన్న వేలు చాపి చదరాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. రెండుసార్లూ ముప్ఫైయే వచ్చాయి.

"ఈ ఎర్రవేంటి?"

"తప్పులు," అంది.

"తప్పులని నువ్వే చెప్తున్నావా?"

"ముప్ఫై అన్నాను. తప్పులుండవని ఎప్పుడన్నాను? తప్పొచ్చింది. సరిచేసుకున్నాం. ఎక్కడొచ్చిందో అందరికీ కనపడేలా కుట్టుకున్నాం. ఇందులో నేను తలదించుకోవాల్సింది ఏముందో నువ్వే చెప్పు."

"ఎవరు చేశారు?"

ఆమె నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే హాయిగా ఉండేది. తలెత్తి నన్ను చూడను కూడా చూడలేదు. నాలుగు రోజులుగా నేను ఒప్పుకోని మాట అప్పుడు బయటికొచ్చింది.

"నేనండి. ఎర్రవన్నీ నావే. ఆమె కొలత కరెక్టు. నాకు అర్థం కాక చెడగొట్టాను." ఎలాగూ నోరు తెరిచాను కదా అని మిగతాది కూడా చెప్పేశాను. "టేపు పట్టుకోకపోవడానికి అదొక కారణం. రెండోది, ఆమె అంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం."

ఇరవై సూదులూ ఒక్కసారి ఆగిపోయాయి.

"చేతులు ఆపకండి," అంది ఆమె. "పొర జరుగుతుంది." చెవులు మాత్రం ఎర్రపట్టీ రంగులోకి తిరిగాయి.

పెదనాన్న చెప్పులు విడిచాడు. ఎక్కడా చోటు లేక గడప మీదే చతికిలబడ్డాడు. దగ్గరలో ఉన్న ఎర్రపట్టీ కుట్టుని వేలితో తడిమాడు. "ముప్ఫైమందినీ నువ్వే పోగేశావా?" అని అడిగాడు.

"వాళ్లే వచ్చారు. నాలుగేళ్లుగా వస్తూనే ఉన్నారు. నువ్వు ఇటు రాలేదు, అందుకే కనపడలేదు."

ఆయన టేపు మీట నొక్కాడు. టేపు సర్రున లోపలికి పోయింది. "మాటంటే మాటే. తాళం నీ దగ్గరే ఉంచుకో." లేచి, చెప్పులు తొడుక్కుంటూ నావైపు తిరిగాడు. "నీ అగ్రిమెంటు సంగతి రేపు ఇంటికొచ్చి మాట్లాడు." రెండడుగులు వేసి మళ్లీ ఆగాడు. "ఒక్కడివే రాకు."

మధ్యాహ్నానికి టాకాలు పూర్తయ్యాయి. అందరూ మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ, నన్ను చూసి నవ్వుతూ వెళ్లారు. టీచరమ్మ వెళ్తూ వెళ్తూ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది, దీవెనే అనుకున్నాను. గదిలో బొంతా మేమిద్దరం మిగిలాం.

"మీరేం చెప్పలేదు," అన్నాను.

ఆమె టేపు రీలు నా చేతిలో పెట్టింది. మామూలు అంటించే టేపు. "ముందు ఇది అంటించండి."

మెషిన్ ముందు కూర్చుని స్కేలు పెట్టాను. పావంగుళం. అక్కణ్ణుంచి ఒక దారం మందం లోపలికి జరిపి అంటించాను. ఆమె రెండు పేలికలు కలిపి కుట్టి, తెరిచి, గోటితో మడత నొక్కి కొలిచింది. మళ్లీ కొలిచింది.

"సరిపోయింది. ఇక దీన్ని ఎవ్వరూ పీకకుండా చూడు."

చూడు. చూడండి కాదు. విననట్టు నటించాను. "అంత దూరం నుంచి ఎలా చూడను?"

"అయితే దగ్గరుండి చూడు." ముక్కలు పక్కన పెట్టి, గడ్డం పైకెత్తి నిలబడింది, అచ్చం పెదనాన్న ముందు నిలబడ్డట్టే. "రేపు పదింటికి షటరు దించుతాను. ఇంటికి ఇద్దరం కలిసే వెళ్తాం. ఆలస్యం చేశావంటే నేనొక్కదాన్నే వెళ్లి మన పెళ్లి మాట్లాడుకొచ్చేస్తాను."

అన్నంత పనీ చేసే మనిషి. అందుకే మర్నాడు తొమ్మిదిన్నరకే వెళ్లి ఆమె గడపలో నిలబడ్డాను.